బెండుతో కట్టిన పాడుపట్టణము

బొమ్మలకొలువు తీర్చుటలో మన ఆడువారికి గల నేర్పు ఇంత యంత యని చెప్పరాదు. మెట్లమీద దేవతామూర్తులను నిలిపిన తరువాత క్రింద నేలపై ఒక చిన్న ఊరిని కల్పించుట అనేక గృహములలో ఆచారము. పళ్ళెరములో మన్ను పోసి ఆవాలు మొలిపించి పచ్చని చేలు చేయుదురు. అద్దపుముక్క చుట్టును ఇసుక పోసి చెఱువు చేయుదురు. రంపపుపొట్టునకు రంగు పూసి బాటలు తీర్తురు. అగ్గిపెట్టెలు ఇండ్లగును, చీపురుపుల్లలు కంచెలగును. ఆ యూరిలో గుడి యుండును, అంగడి యుండును, పెండ్లి యూరేగింపు ఉండును. పాడుపడిన యిల్లు మాత్రము ఎన్నడును ఉండదు. కొలువులో మొండిగోడ నిలిపిన కోడలిని ఏ యత్తగారు మెచ్చుకొనును?

అట్టి మొండిగోడలనే ఏరి కోరి, చిన్నవిగా చేసి, రాజమందిరములందును ప్రదర్శనశాలలందును నిలిపిన పనివారు ఐరోపాఖండమున రెండువందల యేండ్లకు పూర్వమునుండియు ఉన్నారు. పైకప్పు లేని యిండ్లు, సగము విఱిగిన స్తంభములు, గడ్డి మొలచిన మెట్లు, ఇవియే వారి చేతిపని. వీనిని ఏ వస్తువులతో చేసిరి, ఇంత శ్రమపడి ఎందులకు చేసిరి అను ప్రశ్న నాకు చాలకాలము తీరలేదు. ఇటలీ దేశమున నేపుల్సు నగరమునకు పోయినప్పుడు దానికి సమాధానము కొంత దొరకినది. ఆ సంగతి సోదరీమణులకు విన్నవించుచున్నాను.

నేపుల్సు సముద్రపుటొడ్డున గల నగరము. దానికి తూర్పుగా విసూవియసు పర్వతము నిలిచియున్నది. క్రీ. శ. 79వ సంవత్సరమున ఆ కొండ నిప్పులు క్రక్కి పాంపే పట్టణమును నురుగురాళ్ళతోను బూడిదతోను పూడ్చివేసిన కథ మన బాలికలు పాఠ్యపుస్తకములలోనే చదివియుందురు. 1748లో అక్కడ త్రవ్వకములు ఆరంభమైనవి. పట్టణపు విస్తీర్ణము సుమారు 160 ఎకరములు. అందులో మూడవవంతు నేటికిని మట్టిక్రిందనే యున్నది. యాత్రికులలో పెక్కుమంది రైలెక్కి నేరుగా ఆ శిథిలములకే పోవుదురు. నా మనవి యేమనగా, అంతకు ముందు ఒక పూట నేపుల్సులోని పురావస్తు ప్రదర్శనశాలలో గడపవలెను. మంగళవారము దానికి సెలవు. ప్రయాణపు లెక్క వేసుకొనునప్పుడు ఈ సంగతి మఱవరాదు.

ఆ ప్రదర్శనశాల ఒక పెద్ద పాతభవనము. మొదట గుఱ్ఱపుదళమునకై కట్టినది, పిమ్మట విశ్వవిద్యాలయమైనది. క్రింది అంతస్తున పాలరాతి విగ్రహములు గలవు. వానిని గూర్చి వ్రాసినవారు అనేకులున్నారు కావున నేను వ్రాయను. పాంపేలో దొరకిన గృహసామగ్రి మాత్రము మన కండ్లకు పండుగ. కంచుగిన్నెలు, గాజుకుప్పెలు, దీపపు సెమ్మెలు, వానితోపాటు మాడి బొగ్గైపోయిన రొట్టెలు. రొట్టె గుండ్రముగా నుండి, సులభముగా తుంచుకొనుటకు పైన గాట్లు పెట్టియున్నది. పొయ్యిలో పెట్టిన చేతికి దానిని తీసి వడ్డించు యోగము లేకపోయెను గదా యని తలచినచో గుండె కలుక్కుమనును.

మేడమీద ఒక గదిలో పాంపే పట్టణపు నమూనా యున్నది. గియుసెప్పె ఫియొరెల్లి యను పండితుడు త్రవ్వకములకు పెద్దగా నున్నకాలమున దీనిని చేయించెను. 1861లో పని మొదలుపెట్టి 1879 వఱకు సాగించిరి. చేసిన పనివారిలో ముఖ్యుడు ఫెలీచె పదిలియోనె. ఆ కుటుంబము తండ్రుల నాటినుండియు ఈ విద్యకు పేరుపొందినది. కొలత నూటికొకటి. అనగా నూఱడుగుల పొడవుగల యిల్లు ఇందులో ఒక యడుగు. పదియడుగుల గోడ అంగుళము పైచిల్లర. ఒక మనిషి బొమ్మను ఆ వీధిలో నిలిపినచో చింతగింజంత యుండును.

నేను ముందుగా చూచినది వీధుల తీరు. గళ్ళచీర పఱచినట్లు నిలువునను అడ్డమునను వీధులు సాగుచున్నవి. గళ్ళలో ఇండ్లు. ఒక్కొక్క యింటి నడుమను వాననీరు పడు తొట్టి గల హాలు, దాని చుట్టును గదులు, వెనుక పెరటితోట. మన పాతకాలపు మండువాయిల్లు ఎఱిగినవారికి ఈ కట్టడము పరాయిదిగా తోచదు. అసలు పాంపేలో నడచునప్పుడు ఒక గది చూచిన తరువాతనే ఇంకొక గది. ఇక్కడ నిలిచినచో ఊరంతయు ఒక్క చూపునకు అందును. పైకప్పులు లేకపోవుట శిథిలమునకు దౌర్భాగ్యమే కాని, నమూనాకు అది గొప్ప సదుపాయమైనది. ఏ యింటి వంటగది ఎంత చిన్నదో, విందుగది ఎంత పెద్దదో ఇట్టే తెలిసిపోవును. ఆ యజమానులు వంటవారిమీద పెట్టిన ఖర్చునకును అతిథులమీద పెట్టిన ఖర్చునకును గల తేడా చూచి మన ఆడువారు కొంచెము నవ్వుకొందురు.

ఇక వస్తువులు. కలప, బెండు, ప్లాస్టరు, కాగితము, జిగురు, రంగులు. ఇంతియే. వీనిలో ప్రాణమువంటిది బెండు.

బెండు అనగానే మనకు జీలుగుబెండు తోచును. పెండ్లి బాసికములకును, పూలకును వాడునది తెల్లగా, నునుపుగా, గోటితో గిల్లిన గుంటపడునంత మెత్తగా నుండును. ఇక్కడ చెప్పు బెండు అదికాదు. సీసాలకు బిరడాలు చేయు కార్కు. ఇది ఓకుజాతికి చెందిన యొక వృక్షపు బెరడు. పోర్చుగలు, స్పెయిను, సార్డీనియా ప్రాంతములలో ఈ చెట్లు విస్తారముగా పెరుగును. సుమారు తొమ్మిదేండ్లకొకసారి బెరడును ఒలిచెదరు. చెట్టు చావదు, మరల బెరడు కట్టును. మొదటిసారి ఒలిచిన బెరడు మాత్రము బిరడాలకు పనికిరాదు. అది పగుళ్ళతోను గుంటలతోను మిక్కిలి గరుకుగా నుండును. సీసాల వర్తకుడు వలదన్న ఆ ముక్కయే శిథిలములు చేయువానికి ముద్దుబిడ్డ.

కారణము చెప్పెదను. ఇటలీలో పాతకట్టడములకు వాడిన రాళ్ళు మన గ్రానైటువంటివి కావు. రోమునగరపు సున్నపురాయి నిండ చిన్నచిన్న తొఱ్ఱలుండును. పాంపే గోడలలో అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి యేర్పడిన మెత్తనిరాయి, లావారాయి, ఇటుక, సున్నపు కాంక్రీటు కలిసియుండును. ఎండకు వానకు తిన్న ఈ గోడల ముఖమును ఉలితో చెక్కవలెనన్న ఎంత నిపుణునికైనను ప్రాణాంతకము. కార్కుముక్కను కోసినంతనే ఆ తొఱ్ఱలు వాటంతట అవియే కనబడును. రంగు కూడ మట్టిరంగే. ఇంకొక గుణము: కత్తితో కోసిన అంచు నిన్న కట్టిన గోడవలె ఉండును, చేతితో విఱిచిన అంచు కాలము విఱిచినట్లుండును. కావున ఈ పనివాడు క్రింది అంచు కత్తితో కోసి, పై యంచు చేతితో విఱుచును. ఎక్కడ కోయవలెనో ఎక్కడ విఱువవలెనో తెలియుటయే ఈ విద్యలో సగము.

తేలికయగుట యింకొక లాభము. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లాండు, జర్మనీ దేశముల శ్రీమంతుల బిడ్డలు చదువు ముగిసిన పిమ్మట ఇటలీయాత్ర చేయుట రివాజు. కాశికి పోయినవారు గంగచెంబు తెచ్చుకొన్నట్లు, వీరు రోమునుండి ఏదో యొక గుర్తు తెచ్చుకొనగోరిరి. పాలరాతి స్తంభమును బండిమీద ఆల్ప్సు పర్వతములు దాటించుట సులభమా? కార్కుతో చేసిన దేవాలయమును పెట్టెలో పెట్టి తెచ్చుకొనవచ్చును. రోములో ఆంటోనియో కీకి యను పనివాడు, 1743లో పుట్టి 1816లో మరణించినవాడు, ఆ నగరపు పాతకట్టడములన్నిటిని వరుసగా కార్కుతో చేసి అమ్మెను. ఆయన చేసినవి జర్మనీలోని కాసెల్ నగరమున నేటికిని చూడవచ్చును.

ప్లాస్టరు పని వేఱు. నునుపైన చోట్లకు, అనగా గచ్చునేలకు, పూతపూసిన గోడకు, స్తంభపు ముఖమునకు అది తగినది. నీటితో కలిపిన కొన్ని నిమిషములకే గట్టిపడును. పోసిన అచ్చులోని సన్ననిగీతను సైతము విడువదు. ఈ గుణమును ఫియొరెల్లి ఎఱిగినంతగా మఱియెవ్వరును ఎఱుగరు. పాంపేలో బూడిదక్రింద చచ్చినవారి శరీరములు శిథిలమై, గట్టిపడిన బూడిదలో వారి యాకారముల ఖాళీలు మిగిలియుండెను. 1863లో ఆయన ఆ ఖాళీలలో ప్లాస్టరు పోయించెను. గట్టిపడిన తరువాత చుట్టునున్న బూడిదను తొలగింపగా, ముఖమునకు చేతులడ్డము పెట్టుకొన్నవారు, ఒకరినొకరు పట్టుకొన్నవారు బయటపడిరి. ఇటు మేడమీద బొమ్మల యిండ్లకు గచ్చు పోసినదియు, అటు ఆ యిండ్లవారి కడపటి రూపమును పట్టినదియు ఒక్క వస్తువే. అది తలపునకు వచ్చిన పిమ్మట నమూనాలోని ఖాళీగదులను నేను ముందటివలె చూడలేకపోయితిని.

ఈ పనిలో నన్నన్నిటికంటె ఆశ్చర్యపఱచినది గోడలమీది చిత్రములు. పనివారు రాళ్ళు గోడలు చేసి ఊరకుండలేదు. ప్రతి యింటిలోను ఆనాటికి నిలిచియున్న గోడచిత్రములను, నేలలపై రంగురాళ్ళతో కూర్చిన ముగ్గులను చూచి, అదే కొలతకు కుదించి, ఆయా చోట్లనే చిత్రించిరి. నూటికొకటి కొలతలో అడుగు చదరపు చిత్రము పెసరగింజంత. అందులో ఎఱుపు ఎఱుపుగా, పసుపు పసుపుగా నున్నది.

ఇంత చాదస్తమేల యని ఆ కాలమున అడిగినవారును ఉండవచ్చును. మట్టి తొలగించిన మరునాటినుండియు పాంపే రెండవసారి పాడగుట మొదలిడెను. పదునెనిమిది శతాబ్దములు చీకటిలో చెడని రంగులు ఎండకును వానకును వెలిసిపోయినవి, పూతలు రాలిపోయినవి. 1943లో యుద్ధసమయమున మిత్రరాజ్యముల విమానములు పాంపేమీద బాంబులు వేసినవి. నూటయేబదికి పైగా బాంబులు పడి, ఇండ్లు, అక్కడి చిన్న ప్రదర్శనశాల దెబ్బతిన్నవి. 2010 నవంబరు 6వ తేదీన ఆయుధధారుల సంఘగృహమని పిలువబడు కట్టడము తెల్లవారుజామున కూలిపోయెను. తరువాత దానిని బాగుచేసిరి. ఈ విధముగా అసలు గోడమీద మాసిపోయిన చిత్రములు కొన్ని నేడు ఈ కార్కుగోడమీదనే మిగిలియున్నవి. ఏ గదిలో ఏ రంగుండెను, ఏ నేలపై ఏ ముగ్గుండెను అని తెలిసికొనగోరు పండితులు ఈ బొమ్మల యూరిని సాక్ష్యముగా చూచుచున్నారు. ఊరిని చూచి చేసిన బొమ్మ, ఊరికి జ్ఞాపకశక్తి యైనది.

ఈ విద్యను గూర్చి యింకొక ముచ్చట చెప్పవలెను. జర్మనీలో ఆషాఫెన్‌బుర్గు అను ఊరున్నది. పదునెనిమిదవ శతాబ్దపు చివర అక్కడి ప్రభువు కొలువులో కార్ల్ మై యనునతడు మిఠాయిలు చేయువాడు. ఆ దినములలో ప్రభువుల విందుబల్లల నడుమ పంచదారతోను పిండితోను కోటలు, తోటలు, గుడులు చేసి నిలుపుట మిఠాయివాని పనియే. మన యిండ్లలో పెండ్లిసారెకు పంచదారచిలకలు పోయు నేర్పరులు దీనిని వెంటనే గ్రహింతురు. ఆ చేయి పంచదారను విడిచి కార్కును పట్టినది. రోములోని శిథిలములను ఒకటొకటిగా చేసినది. ఆయన కుమారుడు గియోర్గు కూడ ఆ పనినే సాగించి, రోమునందలి మహారంగస్థలమగు కొలోసియమును గదినిండునంతగా నిర్మించెను. ఇవి యన్నియు నేడు అక్కడి యోహానిస్‌బుర్గు కోటలో నున్నవి. ఆ కోటయే 1945లో యుద్ధమున కాలి కూలి మొండిగోడలై, పిమ్మట పునర్నిర్మాణము పొందినది. శిథిలములను భద్రపఱచు ఇల్లే శిథిలమగుట చూచిన ఊరది.

లండనులో నేడు మన తెలుగు కుటుంబములు అనేకము కాపురమున్నవి. అక్కడి సోదరీమణులు లింకన్స్ ఇన్ ఫీల్డ్సు వీథిలోని సర్ జాన్ సోను గృహమును తప్పక చూడవలెను. ప్రవేశమునకు రుసుము లేదు. సోను గొప్ప వాస్తుశిల్పి; 1837లో మరణించెను. తాను కూర్చిన వస్తువులన్నియు ఉన్నవి ఉన్నచోటనే యుంచవలెనని 1833లో పార్లమెంటుచేత చట్టము చేయించుకొన్నవాడు. ఆయన నమూనాలగదిలో నేపుల్సువాడైన డొమెనికో పదిలియోనె సుమారు 1820లో చేసిన పాంపే కార్కునమూనా యొకటి యున్నది. అప్పటికి త్రవ్విన భాగము మాత్రమే అందున్నది. దానికి దగ్గఱనే పారిసులో ఫూకే యను పనివాడు ప్లాస్టరుతో చేసిన తెల్లని నమూనాలున్నవి. అవి అవే ప్రాచీన దేవాలయములు. అయితే వానిలో విఱిగిన దేదియు లేదు. కట్టిన నాటి దేవాలయము ఎట్లుండెనో అట్లు, మల్లెపూవులవలె నున్నవి.

రెండును ఒక్కగదిలో చూచినప్పుడు నా మనస్సు కార్కువైపే మొగ్గినది. ప్లాస్టరు దేవాలయము అందముగా నున్నది, కాని అందులో పండితుని ఊహ యెంతయో చేరినది. ఈ స్తంభము పైన ఇట్టి శిరస్సు ఉండెనని ఎవరు చూచిరి? కార్కుతో పనిచేయువాడు ఉన్నదే చేయును. లేని స్తంభమును నిలుపడు, విఱిగినదానిని అతికింపడు. ఈ నిగ్రహము చిన్నదికాదు. ఇంటిలో పగిలిన పాతబొమ్మను అతికించి రంగువేయక అట్లే యుంచుట ఎంత కష్టమో మనకందఱకును తెలియును.

బూడిదనుండి తీసిన ఊరొక తీరు, బాంబులు పడిన ఊరొక తీరు. జర్మనీలోనే హనోవరు నగరపు పురపాలక భవనమున, గోపురముక్రింది హాలులో, ఆ నగరపు నమూనాలు నాలుగున్నవి: 1689 నాటిది, 1939 నాటిది, 1945 నాటిది, నేటిది. వచ్చినవారు ఎంతసేపు నిలిచినను చూపు మూడవదానిమీదికే పోవును. కప్పులెగిరిపోయిన యిండ్లు మూతలు లేని అగ్గిపెట్టెలవలె వరుసలు వరుసలుగా నున్నవి. పాంపేలో గదుల నేలలు శుభ్రముగా నుండును, ఏలయనగా త్రవ్వినవారు పడిన రద్దునంతయు ఎత్తి బయట పోసిరి. బాంబుపడిన యింట రద్దు ఎక్కడిదక్కడనే యుండును. చేయువానికి ఈ భేదము తెలియనిచో ఎంత మంచి వస్తువు చేతనున్నను ప్రయోజనము లేదు.

ఈ పని ఇంటిలో పిల్లలచేత చేయింపదలచిన తల్లులకు ఒకటిరెండు మాటలు. నేడు ఐరోపాలోను ఇక్కడను దీనిని వినోదముగా చేయువారున్నారు. వారికై తయారైన సామాను అంగళ్ళలో దొరకును. దాని యవసరము లేదు. పాత బిరడాలు, దళసరి అట్టలు, ప్యాకింగు పెట్టెలలో వచ్చు థర్మకోలు, ఇటుకపొడి, జల్లించిన ఇసుక, ఎండిన నాచు, జిగురు చాలును. థర్మకోలును వేడి తీగతో కోయుట, కాల్చుట పిల్లలకు అప్పగింపరాదు. ఆ పొగ మంచిది కాదు. గోడ చేయుటకు ముందు ఆ గోడ ఎట్లు కూలినదో పిల్లవానిచేత చెప్పింపవలెను. మొదట పడునది కప్పు. మూలలు చాలకాలము నిలుచును, రెండు గోడలొకదానికొకటి దన్నుగా నుండుటచేత. ద్వారము, కిటికీ ఉన్నచోట గోడ బలహీనము. బీట అక్కడినుండియే పైకి ప్రాకును. గోడ ఎంత తగ్గినదో అంత రద్దు క్రింద కనబడవలెను. లేనిచో ఎవరో బండి తోలుకొని వచ్చి ఎత్తుకొని పోయినట్లుండును. ఆ రద్దులోను ఆ యింటి వస్తువులే యుండవలెను: దూలపుముక్క, పెంకు, తలుపుఱెక్క. ఇటీవలి కాంక్రీటు కట్టడమైనచో వంగిన ఇనుపకడ్డీలు; వానికి సన్నని తీగ సరిపోవును. రంగులన్నియు వేసిన తరువాత ఇటుకపొడిని పలుచగా చల్లి ఊదవలెను. దుమ్ము పడని శిథిలమును ఎవరును నమ్మరు.

మన పల్లెల శిథిలములకు ఈ పద్ధతులేవియు పనిచేయవు. మట్టిగోడ విఱుగదు, కరగును. కప్పు పోయిన నాలుగైదు వానాకాలములకు గోడ మొండెమగును, పిమ్మట తిన్నె యగును, కొన్నితరములకు ఊరే దిబ్బ యగును. దానినే పాటిదిబ్బ యందుము. ఆ పాటిమన్నునే రైతులు చేలకు తోలుకొందురు. మన ప్రాచీన పట్టణములను చూపదలచినవానికి కార్కుకంటె బంకమన్నే తగినది.

పాడుపట్టణపు నమూనా చూచుటకు ఇటలీదాక పోనక్కఱలేదు. నాగార్జునకొండలో నున్నది. కృష్ణయొడ్డున కొండలనడుమ గల ఆ లోయలో క్రీ. శ. మూడు నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకురాజుల రాజధాని విజయపురి వెలసియుండెను. 1926లో ఆ శిథిలములు బయటపడినవి. నాగార్జునసాగరము కట్టుటకు 1955లో శంకుస్థాపన జరిగినది. నీరు నిండులోపల లోయనంతయు పరిశోధింపవలెనని 1954 మొదలు 1960 వఱకు పురావస్తుశాఖవారు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యము గారి యాధ్వర్యమున త్రవ్వకములు సాగించిరి. స్తూపములు, విహారములు, కోట, రాతిమెట్ల స్నానఘట్టము, ప్రేక్షకులు కూర్చుండు మెట్ల రంగస్థలము, వీథులు, ఇండ్లు బయటికి వచ్చినవి. వచ్చినవానినన్నిటిని రక్షించుట సాధ్యముగాదు. ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగా ఊడదీసి, కొన్నిటిని కొండపైకిని కొన్నిటిని ఒడ్డున అనుపునకును చేర్చి మరల కూర్చిరి. కొన్నిటికి నమూనాలు చేసిరి. 1967లో సాగరము ప్రారంభమైనది. లోయలోని పల్లెలవారును ఊళ్ళు విడిచి పోవలసివచ్చెను. కొండ ద్వీపమైనది.

ఆ ద్వీపముమీది ప్రదర్శనశాలలో, త్రవ్విన స్థలముల చిన్ననమూనాలతోపాటు లోయ యొక్క పెద్దనమూనా యున్నది. యాత్రికులు శిల్పములముందు ఎంతో సేపు నిలిచి, దీనిదగ్గఱ క్షణము మాత్రము ఆగి పోవుదురు. అట్లు పోవలదని నా ప్రార్థన. శిల్పముల జోడు శిల్పములు అమరావతిలో కలవు, మద్రాసులో కలవు. ఈ స్థలములు ఒకదానికొకటి ఎంతదూరములో నుండెనో, కోటనుండి నదికి ఎటు పోవుదురో, విహారము ఊరికి ఎంత చేరువయో తెలిసికొనుటకు ఈ భూమిమీద ఇప్పుడు వేఱు చోటు లేదు. నేపుల్సులో అసలు పట్టణము ఇరువది కోసుల లోపలనే యున్నది. అనుమానము కలిగినచో పోయి సరిచూచుకొనవచ్చును. ఇక్కడ ఆ వీలును సాగరము తీసికొన్నది.

ఆ లోయలో కట్టడములకు విరివిగా ధనమిచ్చినవారు స్త్రీలు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుని సోదరియు వీరపురుషదత్తుని మేనత్తయు నైన చాంతిసిరి మహాచైత్యమునకు దానములు చేసినట్లు శాసనములవలన తెలియుచున్నది. బోధిసిరి యను ఉపాసిక సింహళ భిక్షువులకొఱకు చైత్యగృహము కట్టించినది. ఆమె రాణి కాదు. వీరిరువురి కట్టడములును కొండమీదికి వచ్చినవి. ప్రదర్శనశాలనుండి నడచిపోయి చూడవచ్చును. శాసనము వేయింపని వారి యిండ్లు, వారు నీళ్ళు మోసికొనివచ్చిన వీథులు క్రిందనే నిలిచిపోయినవి. సాయంకాలము లాంచీ తిరిగి విజయపురి దక్షిణపు రేవునకు వచ్చునప్పుడు ఆ లోయమీదుగానే సాగును.